మా పురిటి అర్ర, ఒక సిస్టరమ్మ

మా ఊరింట్లో వంటింటి వెనక ఒక అర్ర ఉండేది. మామూలు రోజుల్లో వడ్ల బస్తాలు, తొక్కు జాడీలు, విరిగిన మంచం కోళ్లు అన్నీ అందులోనే. ఇంటి ఆడబిడ్డ ఎవరైనా నెలలు నిండి వస్తోందంటే చాలు, బస్తాలు కొట్టంలోకి పోయేవి, గోడలకు సున్నం పడేది, నేల పేడతో అలికేవారు. నులక మంచం ఒకటి వచ్చి చేరేది. మా నాయనకు నలుగురు చెల్లెళ్లు. ఒకరు తొట్టెల చేసుకుని అత్తగారింటికి వెళ్లేసరికి ఇంకొకరు దిగేవారు. అందుకే చిన్నతనం తలుచుకుంటే నాకు ముందు ఆ అర్ర వాసనే గుర్తొస్తుంది. ఓమ పొగ, ఆముదం, ఎల్లిగడ్డ కారం, వాటన్నిటి మధ్య పసిపిల్ల పాల వాసన.

మా ఊరు పరకాల దగ్గర. నేను చెప్పేది 1980ల మొదట్లో సంగతి. కాన్పులన్నీ ఇంట్లోనే అయ్యేవి. మంత్రసాని వచ్చేది, మా నాయనమ్మ పక్కన కూర్చునేది. పిల్ల పుట్టగానే మొదటి పని నాలుకకు తేనె రాయడం. తర్వాత బట్ట కొసను చక్కెర నీళ్లలో ముంచి చప్పరించనిచ్చేవారు. రెండు మూడు రోజులు అదే తిండి. తల్లికి చిక్కగా, పచ్చగా వచ్చే ముర్రుపాలను గుడ్డలోకి పిండేసేవారు. “అవి చెడ్డపాలు, పిల్లకు అరగయ్” అనేది నాయనమ్మ. తెల్లపాలు దిగాకే బిడ్డను రొమ్ముకు వేసేవారు. అప్పటిదాకా లోపల ఆ పిల్ల ఏడుస్తుంటే గుమ్మం దగ్గర మేమూ ఏడుపు మొహాలు వేసుకుని నిలబడేవాళ్లం.

బాలింత పత్యం గురించి చెప్పక్కర్లేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. అన్నంలో ఎల్లిగడ్డ కారం, నెయ్యి. పప్పు తింటే పిల్లకు కడుపునొప్పి అని, పండు తింటే జలుబు అని అన్నీ బంద్. అన్నిటికన్నా అన్యాయం నీళ్లది. తల్లి నీళ్లు తాగితే పిల్లకు పడిశం పడుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చేవారు. పాలిచ్చే మనిషికి దాహం ఎట్లా వేస్తుందో పాలిచ్చినవాళ్లకు తెలియంది కాదు, అయినా అదే పద్ధతి. మా చిన్నత్త రాత్రిపూట కిటికీ దగ్గరికి నన్ను పిలిచి, “బిడ్డా, జర ముంతల నీళ్లు తెచ్చియ్యవే, అమ్మకు చెప్పకు” అని బతిమాలేది. నేను చప్పుడు కాకుండా బిందె మూత తీసి ముంచి ఇచ్చేదాన్ని. ముంతెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు పడుకునేది.

ఇన్ని తప్పులున్నా ఆ అర్రను ఒక్క మాటతో కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. అందులో ఉన్నన్నాళ్లూ తల్లికి ఇంకో పని లేదు. బట్టలు వేరేవాళ్లు ఉతికేవారు, పిల్లకు నలుగు వేరేవాళ్లు పెట్టేవారు. పిల్ల తల్లి పక్కలోనే పడుకునేది, మూలిగితే చాలు రొమ్ము నోటికి అందేది. గడియారం చూసి పాలివ్వడం అనే మాటే ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి, ఆ మంచం చుట్టూ ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పాలిచ్చిన ఆడవాళ్లు ఉండేవారు. “తలకాయ గట్ల ఏలాడేసుకుంటే ఎట్ల తాగుతది, చెయ్యి ఆనియ్యి” అని ఒకరు, “రెండో దిక్కు మార్చు” అని ఒకరు. నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి పసిపిల్లను రొమ్ముకు ఎట్లా పట్టుకుంటారో కళ్లతో చూసి చూసి తెలిసిపోయింది, ఎవరూ నేర్పకుండానే. ఇప్పటి ఆడపిల్లల్లో చాలామంది, ఒక తల్లి పాలివ్వడం దగ్గరగా చూసేది తమ సొంత బిడ్డతోనే.

నా మొదటి కాన్పు 1995లో, నడి వేసవిలో, హన్మకొండ దవాఖానలో. అప్పటికి మంత్రసాని కాలం పోతోంది. పరకాల బస్సులో నాయనమ్మ నా వెంట వచ్చింది. అమ్మ కన్నా ముందు ఎక్కి కూర్చుంది. ఆమె మూటలో ఏమున్నాయో నాకు తెలుసు: తేనె సీసా, వసకొమ్ము, సాన, ఇత్తడి ఉగ్గుగిన్నె.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. శుభ్రం చేసి నా ఛాతీ మీద వేశారు. కాసేపటికి వార్డులోకి తెచ్చాక నాయనమ్మ మూట విప్పుతుంటే సిస్టరమ్మ చూసింది. జనగామ దిక్కు మనిషి, నడివయసు, గొంతు పెద్దది. తిడుతుందనుకున్నాను. వచ్చి మంచం అంచున కూర్చుంది.

“మీ ఇంట్ల బర్రెలున్నయా అవ్వా?”

“రెండున్నయ్. ఎందుకు?”

“ఈనినంక మొదటి పాలు దుడ్డెకు తాపుతరా, పారబోస్తరా?”

“పారబోస్తే దుడ్డె బతుకుతదా? పారుకొని సస్తది. దానికి కడుపునిండ తాపినంకనే మనం జున్ను వండుకునుడు.”

“మరి మీ మనుమరాలి బిడ్డకు మాత్రం ఎందుకు పారబోస్తున్నరు?”

నాయనమ్మ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసింది. జవాబు చెప్పలేదు. తేనె సీసా మూత బిగించి మళ్లీ మూటలో పెట్టింది. మా ఊళ్లో ఆమె నోటికి ఎదురు చెప్పి నెగ్గిన మనిషి నేనెరిగి లేరు.

ముర్రుపాలు కొంచెమే వస్తాయి, కానీ రోగాలతో పోరాడే పదార్థాలు అందులో దండిగా ఉంటాయని, బిడ్డకు మొదటి టీకా లాంటివని, పుట్టిన గంటలోపే పట్టాలని ఇప్పుడు ప్రతి దవాఖాన గోడ మీదా రాసి ఉంటుంది. తేనె ఏడాది లోపు పిల్లలకు అసలు పెట్టకూడదని, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి విషం తయారుచేయగలదని డాక్టర్లు చెబుతారు. ఇవన్నీ ఆ రోజు ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే నాయనమ్మ వినేది కాదు.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. నేను బిడ్డ మీదికి వంగి కూర్చుని ఉన్నాను. వీపు వెనక దుప్పటి మడిచి పెట్టి వెనక్కి ఆనించింది. “నువ్వు పిల్ల దగ్గరికి పోవద్దు. పిల్లను నీ దగ్గరికి తెచ్చుకోవాలె.” పిల్ల పొట్టను నా పొట్టకు ఆనించింది. తల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు మెలిపడకుండా చెవి, భుజం, తుంటి ఒక్క వరసలోకి తెచ్చింది. చనుమొనను పిల్ల పై పెదవికి తగిలించి ఆగింది. నేను గబుక్కున నోట్లో పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది. “ఆగు. నోరు పెద్దగ తెరవనియ్యి.” తెరిచిన ఆ క్షణంలో పిల్ల వీపు మీద అరచెయ్యి వేసి దగ్గరికి తెచ్చింది. గడ్డం రొమ్ముకు ఆనుకుంది. కింది పెదవి బయటికి మడత తిరిగింది. మొన చుట్టూ ఉండే నలుపు పైన కొంచెం కనబడుతోంది, కింద దాదాపు అంతా పిల్ల నోట్లోకి పోయింది. ముందు గబగబా చప్పరించింది. తర్వాత నిదానించింది. దవడ కిందికి దిగడం, ఒక లిప్త ఆగడం, మళ్లీ కదలడం. “గట్ల ఆగుడు చూసినవా? అప్పుడు మింగుతున్నది” అంది సిస్టరమ్మ. “నొప్పి లేస్తే పట్టు మంచిగ లేనట్టు. గుంజకు, చిటికెన వేలు నోటి మూలకు పెట్టి విడిపించి మళ్ల పట్టియ్యి.”

చిన్నప్పటి నుంచి వందసార్లు చూశాను అనుకున్న నాకే ఆ నోరు తెరవనిచ్చే సంగతి తెలియదు. బయటి నుంచి చూసేవాళ్లకు కనబడేది కాదు అది.

పక్క మంచం అమ్మాయి పాలు పడలేదని ఏడుస్తోంది. పిండితే నాలుగు చుక్కలు కూడా రావడం లేదట, వాళ్లత్త డబ్బా పాలు తెమ్మని కొడుకును బజారుకు తరుముతోంది. సిస్టరమ్మ అటు తిరిగి, “ఒక్కరోజు పిల్లకు కడుపు ఎంతుంటదనుకున్నరు? ఒక్క చెంచాడు పాలకు నిండుతది” అని కేకేసింది. రెండో రోజుకో నాలుగో రోజుకో పాలు పొంగుతాయి, ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు, అందాకా పిల్ల ఎంత ఎక్కువ చప్పరిస్తే అంత తొందరగా దిగుతాయి, డబ్బా పట్టితే పిల్ల నిద్రపోతుంది, ఇక్కడ రొమ్ముకు పని తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి అని చెప్పింది. రాత్రి తాపడం మాత్రం మానొద్దంది. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూట ఎక్కువ ఊరుతుందట. పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్‌కేమో తల్లి నెమ్మదిగా ఉండాలి. టెన్షన్, నొప్పి, పక్కన అత్తాకోడళ్ల లొల్లి ఇవన్నీ దాన్ని అడ్డుకుంటాయి. అత్తగారు అరుస్తున్నకొద్దీ ఆ అమ్మాయికి పాలు రాకపోవడంలో వింతేమీ లేదు మరి.

ఇంటికొచ్చాక ఒకరోజు తెల్లవారుజామున రెండు రొమ్ములూ రాళ్లలా గట్టిపడి జ్వరం వచ్చినట్టయింది. పిల్లకు పట్టు దొరకడం లేదు. నాయనమ్మకు ఇది తెలిసిన విద్య. తడిగుడ్డ వేసి, పైనుంచి మెల్లగా నిమిరి, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఒకవైపు పెట్టి నలుపు వెనక నుంచి లోపలికి నొక్కుతూ కొంచెం పాలు గిన్నెలోకి తీసింది. మొన మెత్తబడ్డాక పిల్ల అందుకుంది. చీలికలకు చివరి పాల చుక్కలే రాసి గాలికి ఆరనిమ్మంది. మొన్న మా అమ్మాయి డాక్టరు కూడా ముందు అదే చెప్పింది. ఒక్క మాట ఆమె అదనంగా చెప్పింది: ఒక చోట ఎర్రబడి, ముట్టుకుంటే భరించలేనట్టుండి, చలిజ్వరం వస్తే దవాఖానకు రావాలి, కానీ ఆ వైపు పాలివ్వడం ఆపకూడదు. మా ఊళ్లో అయితే ఆపేసేవారు, ‘పాలు చెడినయ్’ అని.

అసలు గొడవ నీళ్ల దగ్గర వచ్చింది. రోహిణి కార్తె. వరంగల్ ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పెంకుటింట్లో మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే కాలేది. “పిల్ల నాలుక ఎండుతున్నది, గుక్కెడు నీళ్లు పోస్తే ఏం పోయింది” అని నాయనమ్మ. పోయొద్దని సిస్టరమ్మ నాకు గట్టిగా చెప్పి పంపింది. తల్లిపాలలో 100కు 88 పాళ్లు నీళ్లే, ఎండాకాలం పిల్ల ఎక్కువసార్లు అడిగితే ఎక్కువసార్లు ఇవ్వాలి, నీళ్లు తాగాల్సింది తల్లి అని. ఈసారి మా అమ్మ అడ్డం పడింది. నోరు విప్పని మా అమ్మ ఏమందంటే, “అత్తా, పిల్ల ఉచ్చ బట్టలు ఎన్ని తడుస్తున్నయో దండెం మీద చూడు. నీళ్లు లేకుంటే అన్ని తడుస్తయా?” అంది. రోజుకు ఆరుసార్లు, ఆపైన ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే అని ఇప్పుడు ఆశా కార్యకర్తలు చెప్పే లెక్క అదే. మా అమ్మకు ఎవరు చెప్పారో నాకిప్పటికీ అంతుబట్టదు. బట్టలు ఉతికేది ఆమె కాబట్టి ఆమెకే తెలిసి ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి మంచం పక్కన నిండు చెంబు ఉండేది, ఎవరి దగ్గరా దాచుకోకుండా తాగాను.

డబ్బా పాల గురించి రెండు మాటలు. మా చిన్నప్పుడు ఆ డబ్బా ఉన్న ఇల్లంటే కలిగిన ఇల్లు. డబ్బా మీద బొద్దుగా, తెల్లగా ఒక పాప నవ్వుతూ ఉండేది. పొడి అయిపోయాక ఖాళీ డబ్బాల్లో పప్పులు పోసుకునేవారు, ఆ పాప వంటింటి అరల్లోంచి నవ్వుతూనే ఉండేది. ఆ బొమ్మను చూసే కదా చాలామంది తల్లులు తమ పాలు తక్కువరకం అనుకున్నది. 1992లో చట్టం వచ్చి ఆ పాపల బొమ్మలు, పాలపొడి ప్రకటనలు, దవాఖానల్లో ఉచిత శాంపిళ్లు నిషేధించారు. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. చట్టం చట్టమే, మా వదిన కాన్పప్పుడు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆమెకు మత్తు దిగేలోపే పిల్లాడికి సీసా పాలు పట్టేశారు. వాడు సీసా రబ్బరుకు అలవాటుపడి రొమ్ము దగ్గర వెనక్కి విరుచుకునేవాడు. వాణ్ని మళ్లీ దారికి తేవడానికి మా వదిన ఎన్ని రాత్రులు కూర్చుందో. చివరికి నాయనమ్మ ఉగ్గుగిన్నె పనికొచ్చింది. పాలు పిండి, గిన్నె ముక్కుతో పెదవి దగ్గర ఆనించి, వాడు నాలుక చాపి తాగేలా కొద్దికొద్దిగా వంచేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, రొమ్ము పట్టలేని పిల్లలకు సీసా బదులు ఇలాంటి గిన్నెతోనే పట్టమని పెద్ద దవాఖానల్లో కూడా చెబుతారు. వసకొమ్ము, సాన మాత్రం అటకెక్కాయి.

కైకిలికి పోయే తల్లుల కథ వేరు. పురిటి అర్రలు, నెలల తరబడి పడక అందరికీ ఉండేవి కావు. పత్తి ఏరేటప్పుడు వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టి, రెండు సాళ్లు ఏరి వచ్చి పాలిచ్చేవారు. పిల్లను ఇంటి దగ్గర ముసలమ్మకు అప్పజెప్పి వచ్చిన వాళ్లు పొద్దెక్కేసరికి రవిక తడిసి, ఒడ్డుకు వచ్చి గట్టు మీద పాలు పిండేసేవారు. పిండిన పాలు శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి నాలుగు గంటలు ఉంచి పిల్లకు పట్టవచ్చని వాళ్లకు చెప్పినవారు లేరు. 2015 నుంచి అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారని మా ఊరికి వెళ్లినప్పుడు చూశాను. బాలింతలు నలుగురి మధ్యా కూర్చుని పప్పు తింటున్నారు! నాయనమ్మ ఉంటే ఆ అంగన్‌వాడీ టీచర్ పని పట్టేది.

మా అమ్మాయికి 2022లో కొడుకు పుట్టాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాన్పుకు హన్మకొండ మా ఇంటికి వచ్చింది. ఆపరేషన్ అయింది. మన తెలంగాణలో ఇప్పుడు 100 కాన్పుల్లో 97 దవాఖానల్లోనే అవుతున్నాయి, సంతోషం. కానీ వాటిలో 60కి పైగా ఆపరేషన్లే, గంటలోపు ముర్రుపాలు తాగే పిల్లలు 40 మంది కూడా ఉండరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలివి. ఇంట్లో తేనె నాకించిన మంత్రసాని పోయింది, గంట మాత్రం ఇంకా పోతూనే ఉంది. అందుకే నేను ముందే డాక్టరును అడిగి పెట్టుకున్నాను. థియేటర్ నుంచి తేగానే నర్సు బాబును పక్కన పడుకోబెట్టి, కుట్లకు తగలకుండా మా అమ్మాయి చంక కింది నుంచి కాళ్లు వెనక్కి పోయేలా పట్టించింది. ఈ పద్ధతి మా అర్రలో నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయికి తెలియని సంగతి లేదు. ఫోన్‌లో వీడియోలన్నీ చూసింది, ఎన్ని నిమిషాలు తాగాడో ఒక యాప్‌లో రాసుకునేది. అయినా రాత్రి రెండు గంటలకు “అమ్మా, వీడికి పాలు సరిపోతున్నాయా” అని ఏడుపు. బరువు తగ్గాడని టెన్షన్. పుట్టిన మొదటి వారంలో పిల్లలు కొంచెం తగ్గుతారని, 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకు వచ్చేస్తారని ఆమే నాకు చదివి వినిపించింది పగలు! రాత్రికి ఆ చదివింది పనిచేయదు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. పెద్దగా ఏమీ చెప్పేదాన్ని కాదు. వెనక దిండు సర్దడం, నీళ్ల గ్లాసు అందించడం, “చూడు, మింగుతున్నాడు” అనడం. ఉద్యోగానికి 26 వారాల సెలవు ఉంది, 2017లో చట్టం మార్చాక వచ్చింది. నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద సౌకర్యం అనిపించింది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు అని చెప్పి, మూడో నెలలో ఆఫీసుకు రమ్మంటే ఆ మాటకు అర్థమేముంది?

ఆరో నెల నిండాక బాబుకు అన్నప్రాసన మా ఇంట్లోనే చేశాం. మెత్తగా పిసికిన పప్పన్నంలో నెయ్యి చుక్క. వాడు మొహం చిట్లించి అంతా బయటికి నెట్టాడు. “ఇగ బువ్వ పెట్టినం గద, పాలు మాన్పియ్యాలె” అంది మా అమ్మ. మా అమ్మాయి అందుకుని, “లేదమ్మమ్మా, బువ్వ పెడుతూనే రెండేళ్ల దాకా ఇవ్వాలట, ఆ తర్వాత కూడా ఇయ్యచ్చట” అంది. మా అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“రెండేండ్లేంది? మీ మామ నాలుగేండ్ల దాక తాగిండు. బడి నుంచి పలక పట్టుకొని ఉరికొచ్చి తాగి మళ్ల పోయేటోడు.”

మా తమ్ముడు హైస్కూల్ హెడ్మాస్టర్. అప్పుడే రెండో గారె కొరకబోతున్నాడు. చుట్టాలందరూ వాడి వైపు తిరిగారు. “అమ్మా, ఇప్పుడా ముచ్చట ఎందుకే” అంటూ ప్లేటు పట్టుకుని వరండాలోకి నడిచాడు. వెనకాల మా అమ్మ ఇంకా చెబుతూనే ఉంది, వేపాకు నూరి రాసి మాన్పించిన సంగతి.